హాయిస్ట్ సంగతి తర్వాత, ముందు బండిని రివర్స్‌లో పెట్టండి

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటున్నాం. నాలుగు డోర్ల జీప్ రాంగ్లర్ జేఎల్ ఉంది. హార్డ్ టాప్ (విప్పదీసే గట్టి పైకప్పు) తీసి గరాజ్ సీలింగ్‌కి వేలాడదీద్దామనుకుంటున్నాను. ఏ హాయిస్ట్ (బరువు పైకెత్తే పరికరం) కొనమంటారు?

అది చివర్లో చెబుతానండీ. ముందు తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి. దాన్ని దేనికి తగిలిస్తారు? బండి ఎటు తిరిగి ఉంటుంది? ఈ రెండూ చూసుకోకుండా రేటింగులు చూసి కొన్న హాయిస్టులే గరాజ్ సేల్స్‌లో సగం ధరకి దొరుకుతుంటాయి.

బండి సంగతి ముందు. అందరూ ముక్కు లోపలికి పెట్టి పార్క్ చేస్తారు. అప్పుడు టాప్ ఉండే వెనక భాగం గరాజ్ తలుపు వైపు వస్తుంది. 7 అడుగుల తలుపు తెరుచుకుని సీలింగ్ కిందికి జారితే దాదాపు 8 అడుగుల చోటు తినేస్తుంది. టాప్ పైకి వెళ్లాల్సింది సరిగ్గా అక్కడికే. అదే బండిని రివర్స్‌లో లోపలికి తెస్తే టాప్ వెనక గోడ దగ్గరికి పోతుంది, తలుపు గొడవ ఉండదు. ఇంకో లాభం కూడా ఉంది. ఫ్రీడమ్ ప్యానెల్స్ (ముందు సీట్ల పైన విడిగా ఊడొచ్చే కప్పు పలకలు) రెండూ తీసేశాక టాప్ ముందువైపు ఖాళీ, వెనకవైపు గ్లాసు అడ్డం. మీ సీలింగ్ 8 అడుగులే అయితే టాప్ పూర్తి ఎత్తుకి వెళ్లదు, బండి రోల్ బార్ (సీట్ల పైన ఉండే ఇనుప చట్రం) ఇంకా దాని కడుపులోనే ఉంటుంది. బండిని ముందుకి నడిపితే రోల్ బార్ ఆ ఖాళీలోంచి బయటికొస్తుంది. వెనక్కి తీస్తే గ్లాసుకి తగులుతుంది. సీలింగ్ 9, 10 అడుగులుంటే ఈ బెంగ తక్కువ. అయినా టేపుతో కొలవందే డ్రిల్ ముట్టుకోకండి.

ఇక గరాజ్ పైకప్పు. ఫ్రీడమ్ ప్యానెల్స్ లేకుండా ఈ టాప్ సుమారు 140–150 పౌండ్లు, అంటే 65 కిలోల పైచిలుకు. దానికి లిఫ్ట్ బార్ (టాప్‌ని పట్టి ఎత్తే అడ్డకడ్డీ), హాయిస్ట్ బరువు కలపండి. అమెరికా గరాజ్‌ల పైన చాలావరకు ట్రస్సులే (త్రికోణంగా బిగించిన కర్ర చట్రాలు), మధ్య దూరం 24 అంగుళాలు. కింది కర్ర తరచుగా 2x4 (పేరుకే 2, 4 అంగుళాలు). సామాను పెట్టడానికి ఉద్దేశించని అటకకి ఇళ్ల కోడ్ లెక్కగట్టే లైవ్ లోడ్ (అదనంగా పడే బరువు) చదరపు అడుగుకి 10 పౌండ్లే. అందుకని ఒకే కర్రకి బరువంతా వేలాడదీయకూడదు. కనీసం మూడు ట్రస్సుల మీద పంచాలి. అటకలోకి ఎక్కే వీలుంటే పద్ధతి సులువు. 2x6 ముక్కలు రెండింటిని ట్రస్సుల కింది కర్రలకి పైన అడ్డంగా పరిచి, వాటిలోంచి 3/8 అంగుళం ఐ బోల్ట్ (తలకి కన్నుండే బోల్టు) దించి, పైన పెద్ద వాషరు, లాక్ నట్ వేయండి. అప్పుడు బరువు కర్రల మీద కూర్చుంటుంది, స్క్రూల మీద వేలాడదు.

ఎక్కే దారి లేకపోతే కిందనుంచే 2x6 బిగించాలి. 5/16 అంగుళం లాగ్ స్క్రూ (కర్రలోకి దిగే లావు మర మేకు), ముందుగా 3/16 రంధ్రం. సీలింగ్ షీటు 5/8 అంగుళం, 2x6 మందం 1½ తీసేస్తే కర్రలోకి ఎంత దిగుతుందో చూసుకుని పొడవు తీసుకోండి. 3 అంగుళాలది చాలదు, 4½ కావాలి. పైన్, ఫర్ జాతి కర్రలో ఈ స్క్రూ మర అంగుళానికి దాదాపు 200 పౌండ్లు పట్టుకుంటుంది కాబట్టి ఊడి రావడం అరుదు. జరిగేది వేరు: ట్రస్ కర్ర మందం అంగుళంన్నరే కదా, స్టడ్ ఫైండర్ (లోపలి కర్రని వెతికే పరికరం) అర అంగుళం పక్కన చూపిస్తే స్క్రూ అంచులో దిగి కర్రని నిలువునా చీలుస్తుంది. ముందు సన్న మేకు కొట్టి రెండు అంచులూ పట్టుకుని మధ్య గీత గీసుకోండి. వంచి వదిలేసిన చవక ఐ హుక్కులు మాత్రం వాడకండి, బరువుకి అవి మెల్లగా విచ్చుకుంటాయి. కొలిమిలో సాగగొట్టి (ఫోర్జ్) చేసి కన్ను మూసి ఉన్నవి, లేదా వెల్డు చేసినవి తీసుకోండి.

హాయిస్టుల్లో నా ఓటు చేత్తో తిప్పేదానికే, అదీ ఆటో బ్రేక్ ఉన్నదానికి. పిడి వదిలేస్తే బరువు అక్కడే ఆగాలి. పడవ ట్రైలరుకి వేసే రాచెట్ వించ్ తెచ్చి పెట్టేవాళ్లున్నారు. దించేటప్పుడు పిడి జారిందంటే ముంజేయి విరుగుతుంది. ఎలక్ట్రిక్ హాయిస్టు బటన్ నొక్కితే చాలు, కానీ ఆ చవక రకాలు ఎత్తడానికి, దించడానికి; నెలల తరబడి బరువు మోస్తూ ఉండటానికి కాదు. నైలాన్ తాడు సాగుతుంది, పాలియెస్టర్ తీసుకోండి. ఏదైనా సరే, ఎత్తాక టాప్‌కి నాలుగు మూలలా వేరే హుక్కులకి వేరే పట్టీలు కట్టండి. హాయిస్ట్ ఉన్న హుక్కుకే కడితే అది భద్రత అనిపించుకోదు.

ఎత్తే రోజు పని ఇలా. డోర్ అద్దాలు దించి, ఫ్రీడమ్ ప్యానెల్స్ తీసి నిలువుగా పక్కన పెట్టండి. టెయిల్‌గేట్ తెరిచాక వెనక గ్లాసుకి ఆధారం ఉండదు, పట్టీతో బిగించండి. వెనక మూల వైరింగ్ ప్లగ్గు, వాషర్ పైపు విప్పండి. జనం ఎక్కువగా మరిచేది ఇక్కడే, అది గుర్తొచ్చేది టాప్ అడుగు పైకి లేచి పైపు తెగాక. టీ-50 టార్క్స్ (నక్షత్రం గాడి ఉండే) బోల్టులన్నీ తీసి ఒక డబ్బాలో వేయండి.

ఇప్పుడు అర అంగుళం మాత్రమే ఎత్తి ఆగండి. ఎండకి రబ్బరు సీల్ బాడీకి అతుక్కుని ఉంటుంది. ఒక మూల ఊడి ఇంకోటి ఊడకపోతే ఫైబర్ టాప్ మెలికపడుతుంది. చుట్టూ తిరిగి చేత్తో విడదీయండి. గ్లాసంతా వెనకే ఉంది కాబట్టి బరువు కూడా వెనకే. లిఫ్ట్ బార్ సరిగ్గా మధ్యలో పెడితే వెనక భాగం కుంగి బాడీ మీద గీసుకుంటుంది. నాలుగైదు అంగుళాలు వెనక్కి జరిపి మళ్లీ చూడండి, సమంగా లేచేదాకా ఇదే పని. పట్టీలు రబ్బరు సీల్‌ని నొక్కకూడదు. నొక్కితే అది చదునైపోయి, తిరిగి పెట్టాక మొదటి వానకే నీళ్లు కారతాయి. ఏసీ పైపుకి తొడిగే ఫోమ్ గొట్టం కోసి అంచుకి తొడగండి.

ఇండియా నుంచి అడిగేవాళ్లకి: థార్ హార్డ్ టాప్ వారం వారం తీసి పెట్టేలా చేసింది కాదు, దాని జోలికి పోకండి. బయట చేయించిన ఫైబర్ టాప్ అయితే, సొంతింటి ఆర్‌సీసీ స్లాబ్‌కి ఎం10 యాంకర్ ఫాస్టెనర్లు, అర టన్ను చైన్ బ్లాక్ చాలు. పీవోపీ ఫాల్స్ సీలింగ్‌కి కాదు సుమా. రేకుల షెడ్డయితే పర్లిన్‌కి (రేకుల్ని మోసే సన్న అడ్డకమ్మీకి) కట్టకండి, రాఫ్టర్ల మీద అడ్డంగా ఇనుప పైపు వేసి దానికి కట్టండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్లాబుకి రంధ్రం పెడితే అసోసియేషన్ వాళ్లు ఊరుకోరు, అది వేరే ప్రశ్న.

టెక్సాస్‌లో జూలై ఎండకి టాప్ తీసి తిరిగే ఆలోచనుంటే మానుకోండి, అక్టోబరులో తీయండి. తిరిగి పెట్టేటప్పుడు వాషర్ పైపు, ప్లగ్గు ముందు. తర్వాత బోల్టులన్నీ వేళ్లతో రెండేసి చుట్లు తిప్పాకే పానాతో బిగించండి.