చిట్టీ, నీలి గీత అడుగంటనీయకు

చిరంజీవి చిట్టికి పిన్ని ఆశీర్వదించి వ్రాయునది.

పరీక్షలు అయిపోగానే నువ్వు స్కైరిమ్ అనే వీడియో ఆట మొదలుపెడుతున్నావనీ, చేత కత్తి గాని విల్లు గాని పట్టకుండా, ఒంటి మీద కవచం లేకుండా, వట్టి మంత్రాలతోనే ఆట చివరిదాకా వెళ్తానని పంతం పట్టావనీ, అదీ అన్నిటికంటే కష్టమైన లెజెండరీ స్థాయిలోననీ నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. అక్కకు ఆ మాటల్లో సగం అర్థం కాలేదు గాని, నాకు మాత్రం రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. నా ఒళ్లో కూర్చుని తెర వంక నోరు తెరుచుకుని చూసిన పిల్ల ఈనాడు నేను పూర్తి చేయలేని పనికి పూనుకుంటున్నదని గర్వంగా ఉంది. అంతకంటే ఎక్కువగా భయంగా ఉంది. అందుకే ఈ ఉత్తరం.

2011 నవంబరులో ఆట విడుదలైనప్పుడు లెజెండరీ అన్నదే లేదు, అది 2013లో ఆటకు చేసిన సవరణతో (ప్యాచ్) వచ్చింది. అందులో నువ్వు కొట్టే దెబ్బ నాలుగో వంతుకు పడిపోతుంది, నీకు తగిలే దెబ్బ మూడింతలవుతుంది. కత్తి పట్టినవాడు ఎంతసేపైనా కత్తి విసురుతూ ఉండగలడు. మాంత్రికురాలి బలమంతా తెర అడుగున ఉన్న ఆ నీలి గీతలోనే, అంటే మంత్రాలకు ఖర్చయ్యే మాజికాలోనే ఉంటుంది. పోరాటంలో ఉన్నంతసేపు మాజికా మామూలు వేగంలో మూడో వంతుగానే తిరిగి ఊరుతుందని మరచిపోకు. శత్రువును నాలుగు రెట్లు ఎక్కువసేపు కొట్టవలసి రావడం, కొట్టడానికి మాజికా లేకపోవడం, ఈ రెండూ కలిసిన చోటే మన ప్రాణం పోతుంది.

ఆటలో నీ బొమ్మకు ఎంచుకునే జాతి విషయంలో నీతో వాదించను. బ్రెటన్‌కు మంత్రాలను 25 శాతం తట్టుకునే గుణముంది, అది మంచిదే. కానీ హై ఎల్ఫ్ పుట్టుకతోనే 50 మాజికా అదనంగా తెచ్చుకుంటుంది. లెవెల్‌కు పది చొప్పున పెరిగే ఆటలో అది అయిదు లెవెల్‌ల కష్టంతో సమానం. రోజుకొకసారి 60 సెకన్లపాటు మాజికాను వేగంగా నింపే హైబోర్న్ శక్తి కూడా దానికే ఉంది. నా భయం నాకు తెలుసు గనుక నేను దానివైపే మొగ్గుతాను. రివర్‌వుడ్‌కు వెళ్లే దారిలో మూడు రాళ్లుంటాయి, మంత్రవిద్యలు త్వరగా పెరిగేలా చేసే మేజ్ రాయిని తాకు. అప్రెంటిస్ రాయి జోలికి మాత్రం పోవద్దు. మాజికా రెట్టింపు వేగంతో నిండుతుందన్న ఆశతో దాన్ని తాకితే మంత్రాలకు నూరు శాతం బలహీనురాలివవుతావు. మూడింతల దెబ్బ తినే స్థాయిలో అలాంటి పని చేశావని తెలిస్తే నేనే వచ్చి చెవి మెలిపెడతాను.

ప్రతి మూడు లెవెల్‌లలో రెండుసార్లు మాజికాకు, ఒకసారి ఆరోగ్యానికి పాయింట్లు వెయ్యి. స్టామినాకు ఏమీ వద్దు. ఒకే సేవ్ మీద మళ్లీ మళ్లీ సేవ్ చేయకు.

ఇక నా తప్పు సంగతి చెప్తాను. మీ అమ్మకు కూడా ఇది పూర్తిగా తెలియదు.

2012 వేసవిలో నేను హైదరాబాదులో ఒంటిగది ఇంట్లో ఉండేదాన్ని. అప్పుడు నీకు నాలుగేళ్లు. మీ అమ్మ ఊరికి వెళ్లినప్పుడు నిన్ను వారం రోజులు నా దగ్గర వదిలింది. నాకు అన్నీ నేర్చుకోవాలన్న ఆత్రం ఎక్కువ. ఆటలోని వైట్‌రన్ ఊరి కొలిమి దగ్గర గంటల తరబడి ఇనుప బాకులు చేశాను. నీలి కొండపూలు, గోధుమలు కలిపి మందులు కాచి అమ్మాను. తాళాలు తీశాను, జేబులు కొట్టాను, బేరాలాడాను. ఏ నైపుణ్యం పెరిగినా లెవెల్ పెరుగుతుంది, లెవెల్ పెరిగితే బలం పెరిగినట్టేనని మురిసిపోయాను. ఇరవయ్యారో లెవెల్ వచ్చేసరికి నా కమ్మరిపని ఎక్కడికో పోయింది, దెబ్బతీసే మంత్రాల విద్య డిస్ట్రక్షన్ మాత్రం ముప్పై దగ్గరే ఉండిపోయింది. లెవెల్ పెరిగినప్పుడు వచ్చిన పెర్కులన్నీ (ప్రత్యేక సామర్థ్యాలు) ఏడెనిమిది నైపుణ్యాల చెట్ల మీద ఒక్కొక్కటిగా చల్లేశాను. నాతోపాటు శత్రువులూ పెరుగుతున్నారనీ, వాళ్లు నా కమ్మరిపనిని చూడరనీ, నా లెవెల్ ఒక్కటే చూస్తారనీ తెలుసుకోలేదు.

అలాగే లాబిరింథియన్‌లోకి వెళ్లాను. వింటర్‌హోల్డ్ కళాశాల వాళ్లు మాగ్నస్ దండం కోసం పంపే చోటు అది. లోపల ఒక గొంతు మాట్లాడుతుంది, మాట్లాడినప్పుడల్లా మన మాజికాను పీల్చేస్తుంది. నా చేతిలో ఉన్నది మంచు మంత్రం, ఎదురుగా వస్తున్నవి మంచును లెక్కచేయని ద్రౌగర్ శవాలు. రెండు మంత్రాలు వేసేసరికి నీలి గీత ఖాళీ అయింది. వెనక్కి నడుస్తూ, మెట్ల మీద తడబడుతూ, గీత ఇంత నిండగానే ఒక మంత్రం వేయడం, మళ్లీ పరుగెత్తడం. నువ్వు నా ఒళ్లో నుంచి వేలు చాచి తెర మీద ఆ గీతను చూపించి “పిన్నీ, నీళ్లైపోయాయి” అన్నావు. ఆ మరుక్షణమే గొడ్డలి దెబ్బ పడింది, నా బొమ్మ మెట్ల మీద జారి కింద పడిపోయింది. నువ్వు నా భుజంలో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చావు. “ఆటే కదమ్మా” అని ఎంత చెప్పినా ఊరుకోలేదు. ఆ రాత్రి ఇరవైసార్లు ప్రయత్నించాను. ఒకసారి అడుగుపెట్టిన గుహ అప్పటి లెవెల్‌కే ముడిపడిపోతుంది గనుక బయటికొచ్చి మళ్లీ వెళ్లినా అవే శవాలు. పాత సేవ్ ఒక్కటీ లేదు. నలభై గంటల ఆట చెరిపేసి మళ్లీ ఆట మొదలయ్యే హెల్గెన్ బండి ఎక్కాను. ఇన్నేళ్లయినా తెర మీద నీలి గీత సన్నబడితే నా చెవిలో నీ మాటే వినబడుతుంది.

కనుక చిట్టీ, మొదటి ఇరవై లెవెల్‌లలో కొలిమి ముఖం చూడకు. డిస్ట్రక్షన్ 20లో డ్యూయల్ కాస్టింగ్, 40లో ఇంపాక్ట్ పెర్కులు తీసుకో. రెండు చేతులతో కలిపి వేసిన ఫైర్‌బోల్ట్ అనే నిప్పు మంత్రానికి ఖర్చు 2.8 రెట్లు, దెబ్బ 2.2 రెట్లు, లెక్క చూస్తే నష్టమే. కానీ ఇంపాక్ట్ ఉంటే ఎదుటివాడు ప్రతి దెబ్బకూ తూలి ఆగిపోతాడు, నీ మీదికి రాలేడు. మంచు ట్రోల్‌కు, ద్రౌగర్‌కు నిప్పే మందు. అయితే మన ప్రావీణ్యం పెరిగేకొద్దీ మంత్రం ఖర్చు తగ్గుతుందే తప్ప దాని దెబ్బ పెరగదు, అందుకని ఒక్క డిస్ట్రక్షన్‌నే నమ్ముకుంటే లెజెండరీలో చాలదు. నీ దెబ్బకు పడే కోత నువ్వు మంత్రంతో పిలిచిన అట్రోనాక్ జీవుల దెబ్బకు పడదు కాబట్టి వాటిని పిలిచే విద్య కాంజురేషన్‌ను దానికి సమానంగా పెంచు. తోడుగా వచ్చే లిడియాను వెంట ఉంచుకో. పోరు మొదలు కాకముందే ఒంటిని గట్టిపరిచే ఓక్‌ఫ్లెష్ మంత్రం వేసుకో, అది 60 సెకన్లే ఉంటుంది. కవచం తొడగనంటున్నావు గనుక కవచం లేనప్పుడు అలాంటి మంత్రాల బలం పెంచే, ఆల్టరేషన్ విద్యలోని మేజ్ ఆర్మర్ పెర్క్ నీ కోసమే ఉన్నదనుకో.

మనసులను మాయచేసే ఇల్యూజన్ విద్య మీద నీకు మోజుందని అక్క మాటల్లో తెలిసింది. బందిపోట్లను ఒకరిమీదికొకరిని ఉసిగొల్పడం ముచ్చటగానే ఉంటుంది, నేనూ చేశాను. కానీ మాస్టర్ ఆఫ్ ది మైండ్ పెర్క్ వచ్చేదాకా అది శవాల మీద పనిచేయదు, ఆ పెర్క్‌కు ఇల్యూజన్ 90 కావాలి.

వస్తువులకు మంత్రగుణాలు ఎక్కించే ఎన్‌చాంటింగ్ ఒక్కటే నా హెచ్చరికకు మినహాయింపు, అదీ నెమ్మదిగా, దొరికిన వస్తువుల గుణాలు నేర్చుకుంటూ పెంచు. అది 100కు చేరి తగిన పెర్కులుంటే తల, ఒళ్లు, ఉంగరం, మెడ, ఈ నాలుగింటి మీదా డిస్ట్రక్షన్ ఖర్చును 25 శాతం చొప్పున తగ్గించవచ్చు. నాలుగూ తొడుక్కున్న రోజున నిప్పు మంత్రానికి మాజికా అక్కరలేదు. నేను అక్కడిదాకా మామూలు స్థాయిలో వెళ్లాను తల్లీ. ఆ రోజు రాత్రి వింటర్‌హోల్డ్ వంతెన మీద నిలబడి, ఎదుట ఎవరూ లేకపోయినా, మంచులోకి ఊరికే అలా నిప్పులు విసురుతూ ఉండిపోయాను. గీత కదలలేదు. నీకు ఫోను చేద్దామనుకున్నాను గాని అప్పటికి పదకొండు దాటింది, మర్నాడు నీకు బడి.

ఆ వంతెన దగ్గర ఫరాల్డా అనే ఆమె ఒక మంత్రం వేసి చూపించమంటుంది. అది నీకు రాకపోతే ఆమే 30 నాణేలకు నేర్పుతుంది, ఆ డబ్బు ఖర్చు చేయకుండా ఉంచుకో. లాబిరింథియన్‌కు వెళ్లే ముందు రోజు మాత్రం నాకు చెప్పు. సెలవు పెట్టుకుని వస్తాను. పక్కన కూర్చుంటాను, కంట్రోలర్ ముట్టను.

ఇట్లు,
నీ పిన్ని