“ఆయన మంచికేలే” అన్నప్పుడల్లా నాకు భయం

ప్రశ్న: నర్సింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. వైద్య నీతిలోని నాలుగు సూత్రాలు పరీక్ష కోసం బట్టీ పట్టాను. పోస్టింగ్‌కి వెళ్లాక చూస్తే అవి ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయి. న్యాయం అనేదైతే అసలు అర్థమే కాలేదు. వార్డులో నిజంగా ఎవరైనా వీటిని వాడతారా?

వాడతాం, పరీక్షలో రాసినట్టు మాత్రం కాదు. పద్దెనిమిదేళ్లుగా వార్డుల్లో పనిచేస్తున్నాను, అందులో సగం క్యాన్సర్ వార్డులోనే గడిచింది. “రెండో సూత్రం ప్రకారం” అనుకుంటూ మంచం దగ్గరికి వెళ్లిన రోజు ఒక్కటీ లేదు. తప్పు చేసి ఇంటికొచ్చి నిద్ర పట్టక దొర్లిన రాత్రుల్లో మాత్రం ఏ సూత్రాన్ని తొక్కేశానో బాగా తెలిసొచ్చేది.

తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. పేషెంటు తన ఒంటి గురించి తానే నిర్ణయించుకోవడం, అతనికి మేలు చేయడం, హాని చేయకపోవడం, అందరినీ న్యాయంగా చూడడం. ఇవే ఆ నాలుగు. 1979లో బీషాంప్, చిల్డ్రెస్ అనే ఇద్దరు అమెరికన్లు వీటిని ఈ రూపంలో పెట్టారు. ఏది పెద్దది, ఏది చిన్నది అని వాళ్లూ వరస కట్టలేదు. కాబట్టి మీకు అడ్డం పడుతున్నాయంటే మీ చదువులో లోపమేం లేదు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. అరవై దాటిన పెద్దాయన, కడుపులో గడ్డ. బయాప్సీ (గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టు వచ్చిన సాయంత్రం కొడుకు నన్ను కారిడార్‌లోకి పిలిచి, “నాన్నకి చెప్పకండి సిస్టర్, తట్టుకోలేరు. అల్సర్ అని చెప్పాం” అన్నాడు. చెడ్డవాడేం కాదు. తండ్రి కోసం మూడు రాత్రులు కుర్చీలోనే కునుకు తీసినవాడు. డాక్టర్‌గారు సరే అన్నారు. నేనూ సరే అన్నాను.

ఆ రాత్రి రెండింటికి డ్రిప్ మార్చడానికి వెళ్తే ఆయన మేలుకునే ఉన్నారు. నేను డ్రిప్ ఎక్కించే సూదిగొట్టం, అదే కాన్యులా, చూస్తుంటే నా చేతి వైపే చూస్తూ, “అల్సర్‌కి ఇంతమంది డాక్టర్లెందుకమ్మా?” అన్నారు. నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆగడం ఆయన చూశారు. “పొద్దున్నే డాక్టర్‌గారిని అడగండి, వివరంగా చెప్తారు” అన్నాను. “సరేలే” అని గోడవైపు తిరిగి పడుకున్నారు. పొద్దున ఆయన డాక్టర్‌ని ఏమీ అడగలేదు. నన్ను కూడా ఆ తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ అడగలేదు.

వారం రోజులు అలా నడిచింది. ఆయనకి తెలుసు. ఆయనకి తెలుసని మాకూ తెలుసు. కొడుకు లోపలికొస్తే ఇద్దరూ నవ్వుకునేవాళ్లు, వెళ్లాక ఎవరి మూల వాళ్లు ఏడ్చేవాళ్లు. రెండు ఏడుపులూ చూసింది డ్యూటీలో ఉన్న నేను. డిశ్చార్జి రోజు ఫైలు సర్దుతూ కన్సెంట్ ఫారాలు, అంటే పేషెంటు ఒప్పుకున్నట్టు సంతకం పెట్టే కాగితాలు, తిప్పి చూశాను. ఎండోస్కోపీకి కొడుకు సంతకం. బయాప్సీకి కొడుకు సంతకం. పూర్తి స్పృహలో ఉన్న మనిషి, పెన్ను పట్టుకోగలిగిన మనిషి, తన సొంత ఒంటికి చేసిన పనుల కాగితాల్లో ఒక్కచోట కూడా లేడు.

అలాగని అందరికీ నిజం మొహాన కొట్టాలని నేను అనట్లేదు. రౌండ్స్‌లో మంచం కాళ్ల దగ్గర నిలబడి, ఫైల్లోంచి తలెత్తకుండా “స్టేజ్ ఫోర్” (క్యాన్సర్ బాగా ముదిరిన దశ) అనేసి పక్క మంచానికి వెళ్లిపోయినవాళ్లనీ చూశాను. నిజం చెప్పామన్న తృప్తి వాళ్లకి మిగిలింది, మిగతాది నర్సుల మీద పడింది. పైగా తెలుసుకోకుండా ఉండే హక్కు కూడా పేషెంటుదే. ఒకావిడ ముందే చెప్పింది, “నాకేం వద్దమ్మా, అన్నీ మా అమ్మాయితో మాట్లాడండి” అని. ఆవిడకీ చెప్పలేదు, ఆ పెద్దాయనకీ చెప్పలేదు. పైకి రెండూ ఒకలాగే ఉంటాయి. కానీ ఆవిడని అడిగాం.

అందుకే ఇప్పుడు పరీక్షకి పంపేటప్పుడే అడిగేస్తాను. “రిపోర్టు వచ్చాక సంగతులన్నీ మీకే చెప్పమంటారా, ముందు ఇంట్లోవాళ్లతో మాట్లాడమంటారా?” ఏం చెప్తే అది కేస్ షీట్‌లో రాసేస్తాను. రిపోర్టు చేతికొచ్చాక అడిగితే లాభం లేదు. ఆ అడగడంలోనే విషయం తెలిసిపోతుంది. పేషెంటు తాలూకువాళ్లు చెప్పొద్దంటే వాదనకి దిగను. కూర్చోబెట్టి, చెప్తే ఏమవుతుందని భయపడుతున్నారో అడిగి వింటాను. ఆ తర్వాత నా మాట చెప్తాను: “నా అంతట నేను ఎత్తను. ఆయనే నేరుగా అడిగితే మాత్రం అబద్ధం చెప్పలేను, డాక్టర్‌గారిని పిలుస్తాను.” చాలామంది ఒప్పుకుంటారు. కొందరు కోప్పడతారు, పడనీయండి. (జబ్బు పేరు చెప్పడం డాక్టర్ పనే, నర్సు నోరు జారకూడదు. ఆ నియమం వెనక దాక్కోవడం ఎంత సుఖంగా ఉంటుందో పైన చెప్పాను కదా.)

‘వాళ్ల మంచికే’ అన్న మాట ఎంతదూరం పోగలదో తెలియాలంటే అమెరికాలో జరిగిన టస్కెగీ ప్రయోగం గురించి చదవండి. అమెరికా ప్రజారోగ్య శాఖ 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న 399 మంది నల్లజాతి మగవాళ్లని వైద్యం చేయకుండా గమనిస్తూ కూర్చుంది. జబ్బు పేరు కూడా చెప్పలేదు, “చెడు రక్తం” అన్నారు. 1940ల మధ్యకల్లా దాన్ని నయం చేసే పెన్సిలిన్ వచ్చినా ఇవ్వలేదు. పాఠాల్లో డాక్టర్ల సంగతే ఉంటుంది. నాకు మాత్రం యూనిస్ రివర్స్ గుర్తుండిపోయింది. ఆవిడా నల్లజాతి నర్సే, దాదాపు మొదటినుంచి చివరిదాకా ఉంది. వాళ్లని కారులో పరీక్షలకి తీసుకొచ్చి దింపేది, బాగోగులు అడిగేది, వాళ్లూ ఆవిడని నమ్మారు. ఒక అల్సర్ అబద్ధాన్ని దానితో పోల్చడం ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ అంత నమ్మకం సంపాదించిన నర్సు అక్కడ ఉందంటే, ఆ స్థానంలో నన్ను నేను ఊహించుకోకుండా ఉండలేకపోయాను.

న్యాయం సంగతి. కిడ్నీలు పాడైనవాళ్లకి రక్తం శుద్ధి చేసే డయాలసిస్ యంత్రాలు చాలక, 1960ల మొదట్లో అమెరికాలోని సియాటెల్‌లో ఎవరికివ్వాలో తేల్చడానికి ఏడుగురి కమిటీ వేశారు. వాళ్లు ఉద్యోగం, పిల్లలు, చర్చికి వెళ్తాడా లేదా అన్నవి కూడా చూశారు. ఇప్పుడు వింటే చిరాకేస్తుంది. మరి మనం? రాత్రి డ్యూటీలో ఎవరి తాలూకువాళ్లు గట్టిగా అరిస్తే నా కాళ్లు ఆ మంచం వైపే ముందు వెళ్తాయి. పక్కన ఎవరూ లేని ముసలావిడ బెల్లు కూడా నొక్కదు. పుస్తకంలో న్యాయం అర్థం కాకపోతే, డ్యూటీ దిగేముందు ఆరోజు ఏ మంచం దగ్గర ఎక్కువసేపు నిలబడ్డారో, ఎందుకో లెక్క వేసుకోండి.

ఇక నా సొంత తప్పు. పక్కపక్క మంచాల్లో ఒకే పేరున్న ఇద్దరు. ఒకరి బీపీ మాత్ర ఇంకొకరికి ఇచ్చేశాను. గుర్తొచ్చేసరికి మింగేశారు. డాక్టర్‌కి ఫోన్ చేశాను, పావుగంటకోసారి బీపీ చూస్తూ కూర్చున్నాను. అదృష్టం, ఏమీ కాలేదు. సీనియర్ అక్క నా భుజం తట్టి, “ఏం కాలేదుగా, ఇంక చెప్పి భయపెట్టడం దేనికి? ఆయన మంచికేలే” అంది. అదే మాట మళ్లీ! ఈసారి మంచి ఎవరిదో నాకు తెలుసు. మెమో వచ్చేది నాకు.

ఇన్సిడెంట్ రిపోర్టు రాసి, వెళ్లి చెప్పాను. నోరెండిపోయింది, ‘క్షమించండి’ అన్న మాట సగమే బయటికొచ్చింది. ఆయన నన్ను ఎగాదిగా చూసి, “మరి నా మాత్ర ఏదమ్మా?” అన్నారు.

మర్నాటినుంచి ఏ సిస్టర్ మాత్రలు తెచ్చినా చేతికున్న బ్యాండు ముందుకు చాపి, “ముందు నంబరు చదువు” అనేవారు. రెండ్రోజులకి పక్క మంచం ఆయనా చెయ్యి చాపడం మొదలెట్టారు.