హాలుకు బేజ్ రంగు: గోడకంటే ముందు గచ్చును చూడండి

మీ హాలుకు ఉత్తరం వైపు ఒకటే కిటికీ, క్రీమ్ రంగు టైల్స్, టేకు తలుపులు ఉన్నాయని, బేజ్ (లేత గోధుమ ఛాయ) వేయిస్తే ఇల్లు వెచ్చగా కనిపిస్తుందా, వెలిసిపోయినట్టు ఉంటుందా అని అడిగారు. విజయవాడలో మా హాలు దాదాపు ఇలాంటిదే. ఆ గోడలకే ఆరు నెలల తేడాతో రెండుసార్లు రంగు వేయించాను. వేయించండి, తప్పకుండా బాగుంటుంది. దుకాణంలో షేడ్ కార్డు చూసి మాత్రం ఖాయం చేసుకోకండి.

మొదటిసారి నేను చేసిన పొరపాటు అదే. కార్డుమీద వెన్నలా కనిపించిన రంగు మా గోడలమీద గులాబీ తిరిగింది. తెలుపులో పసుపు, ఎరుపు, నలుపు వంటివి కొద్దికొద్దిగా కలిపితే బేజ్ వస్తుంది. వాటిలో ఏది పిసరంత ఎక్కువైనా ఆ ఛాయ లోపల దాగి ఉంటుంది. పక్కన మరో రంగు చేరినప్పుడే బయటపడుతుంది. మా టైల్స్‌లో పసుపు ఉంది. దాని పక్కన గోడలోని గులాబీ మరింత కొట్టొచ్చినట్టు కనిపించింది. పైగా ఉత్తరపు కిటికీలోంచి ఏడాదిలో ఎక్కువ కాలం ఎండ నేరుగా పడదు, ఆకాశపు నీలి వెలుగే వస్తుంది. వేసవిలో ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ తగిలినప్పుడు అదే గోడ ఎంతో అందంగా ఉండేది. రాత్రి 6500 కెల్విన్ తెల్ల దీపాలు వేస్తే బూడిద పూసినట్టు అనిపించేది. సోఫాలో కూర్చుని ఆ గోడవైపు చూడబుద్ధయ్యేది కాదు.

చివరికి నా రంగు పెడన కలంకారీ దుప్పటిలో దొరికింది. అద్దకానికి ముందు ఆ గుడ్డను కరక్కాయ రసం కలిపిన నీళ్లలో నానబెడతారు. అందుకే దానికి తెలుపూ పసుపూ కాని మీగడ ఛాయ వస్తుంది. దుప్పటిని టైల్స్‌మీద పరిచి చూస్తే రెండూ ఒకే ఇంటివిలా కలిసిపోయాయి. టేకు తలుపు పక్కన కూడా అంతే. ఆ గుడ్డనే దుకాణానికి పట్టుకెళ్లి, పసుపు ఛాయ ఉన్న మూడు బేజ్‌లు ఎంచి చిన్న డబ్బాలు తెచ్చుకున్నాను.

ఈసారి గోడమీద పూయలేదు. పాత రంగు పక్కన కొత్తది ఎప్పుడూ సరిగ్గా తెలియదు. రెండడుగుల అట్టలకు రెండు పూతలు వేసి, ఆరాక గచ్చుకు ఆనించి, తలుపు పక్కన, కిటికీ ఎదుట పెట్టి నాలుగు రోజులు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి చూశాను. మీరూ ఇది తప్పక చేయండి. నాలుగు గోడలకూ వేశాక వాటి వెలుగు ఒకదానిమీద ఒకటి పడి రంగు ముదురుగా కనిపిస్తుంది కాబట్టి, నచ్చినదానికంటే ఒక మెట్టు లేతది తీసుకోండి.

తెల్ల దీపాలు తీసేసి, పసుపు వెలుగునిచ్చే 3000 కెల్విన్‌వి పెట్టించాను. నిజం చెప్పాలంటే సగం మార్పు వాటివల్లే వచ్చింది. మీరు రంగు కొనేముందే బల్బులు మార్చి చూడండి. పైకప్పుకు నీలం కలిసిన తెలుపు వేయించకండి, దాని కింద బేజ్ మాసినట్టు కనిపిస్తుంది. అదే ఛాయలో బాగా లేత రంగు చాలు.

సోఫా వెనక తలనూనె మరకలు పడతాయి, అక్కడికి కడగడానికి వీలైన ఎమల్షన్ (నీటితో కలిపే గోడ రంగు) అవసరం. రంగు మొత్తం ఒకేసారి కలిపించండి, మిగిలిన అర లీటరును షేడ్ నంబరు రాసి దాచుకోండి.

ఆ దుప్పటి ఇప్పుడు మా కిటికీకి తెర. దానిమీది మంజిష్ఠ ఎరుపు, కింద పేము కుర్చీ, అటకమీది అమ్మమ్మ ఇత్తడి బిందె తప్ప హాలులో వేరే అలంకారం పెట్టలేదు. మీ టైల్స్‌మీద ఒక తెల్ల కాగితం పెట్టి పగటి వెలుగులో ఫోటో తీసి పంపితే, వాటిలో పసుపు ఉందో గులాబీ ఉందో చూసి చెబుతాను.