మెట్ల మీద గంజాయి వాసన: రుజువు చూపించాల్సింది ఫిర్యాదు చేసేవారేనా?

ప్రశ్న: మాది ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. నాలుగో అంతస్తులోని సొంత ఫ్లాట్‌లో మేం ఉంటున్నాం. పై అంతస్తులో ఒక ఫ్లాట్‌ను దాని యజమాని కొందరు యువకులకు అద్దెకిచ్చారు. ఆయన వేరే ఊళ్లో ఉంటారు. కొన్ని నెలలుగా రాత్రి తొమ్మిది దాటితే టెర్రస్ మీద నుంచీ మెట్ల దగ్గర నుంచీ గంజాయి వాసన మా పడకగదిలోకి వస్తోంది. మా అత్తగారికి ఉబ్బసం ఉంది, కిటికీలు మూసుకున్నా ఆమెకు నిద్ర ఉండటం లేదు. అసోసియేషన్ అధ్యక్షుడిని అడిగితే, "వాసన పట్టుకుని పోలీసుల దగ్గరికి ఎలా వెళ్తామండీ, రుజువేదీ?" అంటున్నారు. మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండే పదిహేడేళ్ల అబ్బాయి కూడా ఈ మధ్య వాళ్లతో కలిసి టెర్రస్ మీదికి వెళ్తున్నాడు. ఫిర్యాదు చేస్తే నా పేరు బయటికి వస్తుందా? ఫ్లాట్ యజమానికి బాధ్యత లేదా? వాళ్లను ఖాళీ చేయించడానికి వీలుందా?

జవాబు: మీ అధ్యక్షుడు చెప్పిన మాట చాలా అపార్ట్‌మెంట్లలో వినిపించేదే కానీ, చట్టం అలా చెప్పడం లేదు. నేరాన్ని రుజువు చేయాల్సిన బాధ్యత దర్యాప్తు అధికారిది, ప్రాసిక్యూషన్‌ది. ఫిర్యాదు చేసే పౌరుడి పని తనకు తెలిసినది తెలిసినట్లుగా చెప్పడం వరకే. మాదకద్రవ్యాల చట్టం (1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం) కింద శిక్షార్హమైన ప్రతి నేరమూ పోలీసులు నేరుగా కేసు నమోదు చేయదగినదేనని ఆ చట్టంలోని 37వ సెక్షన్ చెబుతోంది. అలాంటి నేరం గురించి సమాచారం అందినప్పుడు ఎఫ్ఐఆర్ నమోదు చేయడం పోలీసుల విధి అని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లో స్పష్టం చేసింది.

అయితే వాసన ఒక్కటే ఎవరికైనా శిక్ష పడేందుకు సరిపోతుందా అంటే, సరిపోదు. గంజాయి దగ్గర ఉంచుకున్నందుకు 20వ సెక్షన్ కింద శిక్ష పడాలంటే సరుకు దొరకాలి, అది గంజాయేనని ప్రయోగశాల నివేదిక రావాలి. వాడినందుకు 27వ సెక్షన్ కింద శిక్ష పడాలంటే వైద్య పరీక్ష వంటి ఆధారం ఉండాలి. ఇవి రెండూ మీరు తెచ్చివ్వగలిగినవి కావు, తేవడానికి ప్రయత్నించకూడనివి కూడా. మీ సమాచారం వేరే పనికి ఉపయోగపడుతుంది. 42వ సెక్షన్ ప్రకారం అధికారం ఉన్న అధికారి, ఎవరైనా ఇచ్చిన సమాచారాన్ని రాతలో నమోదు చేసుకుని, దాని ఆధారంగా నేరం జరుగుతోందని నమ్మడానికి కారణం ఉందనిపిస్తే, సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకు వారంటు లేకుండానే ఆ ఇంట్లోకి వెళ్లి సోదా చేయవచ్చు. చీకటి పడ్డాక అయితే, వారంటు తెచ్చేలోపు సరుకు మాయమవుతుందని తాను ఎందుకు అనుకున్నదీ రాసిపెట్టాలి. అంటే మీరిచ్చే సమాచారం ఎంత వివరంగా ఉంటే, ఆ అధికారి చేసే సోదా కోర్టులో అంత గట్టిగా నిలబడుతుంది. ఇలాంటి రాతపూర్వక నియమాలు పాటించకపోవడం వల్ల కూడా ఎన్‌డీపీఎస్ కేసులు వీగిపోతుంటాయి కాబట్టి, దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

అందుకని ఇవాళే ఒక పుస్తకం తీసుకుని రాయడం మొదలుపెట్టండి. "రోజూ గంజాయి కంపు" అని రాస్తే లాభం లేదు. తేదీ, సమయం వేసి, "రాత్రి 9.40, టెర్రస్ తలుపు తెరిచి ఉంది, నీళ్ల ట్యాంకు పక్కన ముగ్గురు కూర్చుని ఉన్నారు, పొగ కనిపించింది, పది నిమిషాల తర్వాత ఫలానా ఫ్లాట్‌లోకి వెళ్లారు" అన్నట్లు, కంటితో చూసినది ఒక వరుసలో, ఊహించినది ఇంకో వరుసలో విడివిడిగా రాయండి. మీ అత్తగారికి ఆయాసం ఎక్కువైన రాత్రులు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిన రోజులు ఉంటే ఆ చీటీలు కూడా భద్రపరచండి. వాసన సిగరెట్‌దో గంజాయిదో ఖాయంగా చెప్పలేని రోజున "గంజాయి అని అనుమానం" అనే రాయండి. ఇదొక్కటీ గట్టిగా గుర్తుంచుకోండి, ఎందుకంటే తెలిసి తెలిసి దురుద్దేశంతో తప్పుడు సమాచారమిచ్చి సోదాకో అరెస్టుకో కారణమైన వ్యక్తికి 58వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు గానీ జరిమానా గానీ, లేదా రెండూ గానీ పడవచ్చు. నిజాయితీగా చెప్పిన అనుమానం తర్వాత పొరపాటని తేలినా ఈ సెక్షన్ మీ మీదికి రాదు.

మీ పేరు గురించిన భయం సహజమే, ఒకే మెట్ల మీద రోజూ ఎదురుపడే మనుషుల మీద ఫిర్యాదు చేయడం ఎవరికీ తేలిక కాదు. 68వ సెక్షన్ ప్రకారం ఈ చట్టం కింద అధికారాలు వినియోగించే ఏ అధికారినీ, నేరం జరిగిందన్న సమాచారం ఎవరి ద్వారా వచ్చిందో చెప్పమని బలవంతం చేయడానికి వీల్లేదు. మాదకద్రవ్యాల నియంత్రణ బ్యూరో నడుపుతున్న 1933 అనే జాతీయ హెల్ప్‌లైన్‌కు పేరు చెప్పకుండానే సమాచారం ఇవ్వవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో మాదకద్రవ్యాల కట్టడికి ఉన్న ఈగల్ పోలీసు విభాగం నంబరు 1972 కూడా ఉంది. మీరే ఫిర్యాదుదారుగా సంతకం చేసి ఎఫ్ఐఆర్ నమోదు చేయిస్తే మాత్రం, దాని నకలు నిందితులకు చేరుతుందనీ, మిమ్మల్ని సాక్షిగా పిలిచే అవకాశం ఉందనీ తెలుసుకునే సంతకం చేయండి. నా ఉద్దేశంలో మీ పరిస్థితికి తగినది, సమాచారం ఇవ్వడం ఒక దారిలోనూ, నివాసంలో కలుగుతున్న ఇబ్బంది మీద రాతపూర్వక ఫిర్యాదు ఇంకో దారిలోనూ నడపడం. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173(4) ప్రకారం దాని సారాంశాన్ని జిల్లా ఎస్పీకి పోస్టులో పంపవచ్చు. అక్కడా ఫలితం లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. టెర్రస్ మీద పొట్లమో, సగం కాల్చిన చుట్టో కనిపిస్తే రుజువు అనుకుని ఇంటికి తెచ్చుకోవద్దు, వాచ్‌మన్ చేత తీయించి దాచనూ వద్దు. ఎవరి దగ్గర సరుకు దొరికితే వాళ్లే జవాబు చెప్పుకోవాలనే భావన ఈ చట్టంలో 35, 54 సెక్షన్ల రూపంలో చాలా కఠినంగా ఉంది. మంచి ఉద్దేశంతో పొట్లాన్ని డ్రాయరులో పెట్టిన వాచ్‌మన్ అది తనది కాదని నిరూపించుకునే స్థితిలో పడకూడదు. ఉన్నచోటే వదిలేసి, దూరం నుంచి ఫొటో తీసి, 112కు ఫోన్ చేయండి. అలాగే ఆ యువకుల ఫొటోలను వాట్సాప్ గ్రూపులో పెట్టి "గంజాయి బ్యాచ్" అని రాయడం పరువునష్టం కేసుకు దారితీస్తుంది. గది తలుపు తోసుకుని లోపలికి వెళ్లి వెతకడం, నీళ్లూ కరెంటూ ఆపించడం వంటివి చేస్తే ఫిర్యాదుదారులే నిందితులవుతారు.

ఇక యజమాని విషయానికి వస్తే, మీ ప్రశ్నల్లో అన్నిటికంటే బలమైనది ఇదేనని నేననుకుంటున్నాను. ఎన్‌డీపీఎస్ చట్టంలోని 25వ సెక్షన్, ఇల్లు, గది, ఆవరణ లేదా స్థలానికి యజమానిగా గానీ, అందులో ఉంటున్నవాడిగా గానీ, దాని మీద అదుపు ఉన్నవాడిగా గానీ ఉంటూ, ఈ చట్టం కింద నేరం చేయడానికి ఆ చోటును మరొకరు వాడుకోవడాన్ని తెలిసీ అనుమతించే వ్యక్తికి, ఆ నేరం చేసినవాడికి పడే శిక్షే పడుతుందని చెబుతోంది. ఇందులో కీలకం "తెలిసీ" అన్న షరతు. వేరే ఊళ్లో ఉంటున్న యజమాని ఇవాళ్టి వరకు "నాకేం తెలుసు, అద్దె ఖాతాలో పడుతోంది" అని చెప్పవచ్చు, ఆ మాట నిలబడవచ్చు కూడా. కానీ తేదీలతో సహా జరుగుతున్నది వివరిస్తూ మీరు పంపిన ఉత్తరం స్పీడ్ పోస్టులో ఆయనకు చేరి, అందినట్లు రుజువు మీ దగ్గర ఉన్న మరుక్షణం నుంచి ఆ మాట అనడం ఆయనకు కష్టమవుతుంది. ఉత్తరంలో బెదిరింపులు అక్కర్లేదు, 25వ సెక్షన్‌ను ప్రస్తావిస్తూ "మీ ఫ్లాట్‌లో, టెర్రస్ మీద ఇలా జరుగుతోంది, తగిన చర్య తీసుకోండి" అని మర్యాదగా రాస్తే చాలు. పోలీసుల రాక కంటే ముందు ఈ ఉత్తరంతోనే సమస్య తీరిపోయిన అపార్ట్‌మెంట్లు ఉన్నాయి.

ఇదే తర్కం మీ అసోసియేషన్‌కూ వర్తిస్తుంది. టెర్రస్, మెట్లు, లిఫ్టు వరండా ఎవరి సొంతమూ కావు, వాటి నిర్వహణ కమిటీ చేతిలో ఉంటుంది. అదుపు తన చేతిలో ఉన్న చోట జరుగుతున్నదాన్ని రాతపూర్వకంగా తెలుసుకున్నాక కూడా పట్టించుకోకపోతే, ఆ కమిటీ చిక్కుల్లో పడే అవకాశాన్ని కొట్టిపారేయలేం. కాబట్టి అధ్యక్షుడితో నోటిమాటలు ఆపి, మీరూ ఇంకో రెండు మూడు కుటుంబాలూ సంతకాలు చేసిన వినతిపత్రం ఇచ్చి, దాని నకలు మీద అందినట్లు రాయించుకోండి. టెర్రస్ తలుపు దగ్గర సీసీ కెమెరా పెట్టడం, రాత్రి పూట టెర్రస్ వాడకానికి సమయం నిర్ణయించడం, ఉమ్మడి స్థలాల్లో ఏ రకమైన పొగా తాగకూడదని సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేయడం కమిటీ చేయదగిన పనులే. కెమెరా ఎవరి ఇంటి గుమ్మంలోకీ చూడకుండా తలుపు వైపే ఉండాలి. టెర్రస్‌కు శాశ్వతంగా తాళం వేయాలన్న ఆలోచనను మాత్రం ఒప్పుకోకండి, అగ్నిప్రమాదం జరిగినప్పుడు పైకి వెళ్లే దారి మూసుకుపోతుంది.

ఖాళీ చేయించే హక్కు యజమానిది మాత్రమే. అసోసియేషన్ తనంతట తాను అద్దెదారును బయటికి పంపలేదు. కోర్టు ప్రక్రియ లేకుండా బలవంతంగా ఖాళీ చేయిస్తే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోగా దావా వేసి వాళ్లు తిరిగి స్వాధీనం పొందవచ్చు. అద్దె ఒప్పందంలో చట్టవిరుద్ధమైన పనులకు ఇంటిని వాడకూడదనే షరతు ఉంటే యజమాని దాని ఆధారంగా ఒప్పందాన్ని రద్దు చేయవచ్చు. ఒప్పందమే లేని నెలవారీ అద్దె అయితే ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం వర్తించే భవనాల్లోనైతే, అదే భవనంలోని ఇతర నివాసులకు ఇబ్బంది కలిగించే ప్రవర్తన ఖాళీ చేయించడానికి ప్రత్యేకమైన కారణం. మీరు రాసుకున్న పుస్తకం అక్కడా పనికివస్తుంది.

అది గంజాయా కాదా అన్న వాదన తేలకపోయినా మీకు దారి ఉంది. చుట్టుపక్కల నివసించేవారికి ఇబ్బంది కలిగించడం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 270వ సెక్షన్ కింద పబ్లిక్ న్యూసెన్స్ కిందికి రావచ్చు. దానికి 292వ సెక్షన్ కింద వెయ్యి రూపాయల వరకు జరిమానా ఉంది. జరిమానా చిన్నదే అయినా, సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు అలాంటి ఇబ్బందిని తొలగించమని ఆదేశం ఇవ్వగలరు. మీ ఇంట్లోకే పొగ వస్తోంది కాబట్టి దాన్ని ఆపించమని కోరుతూ సివిల్ కోర్టులో ఇంజంక్షన్ దావా కూడా వేయవచ్చు. ఇతరుల పొగ పీల్చాల్సిన అవసరం లేకుండా బతకడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని మురళీ దేవరా కేసులో 2001లో సుప్రీంకోర్టు గుర్తించిన తీరు మీ వాదనకు బలమిస్తుంది. 2003 నాటి పొగాకు చట్టం మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. అది పొగాకుకు సంబంధించినది, దాని జరిమానా రెండు వందల రూపాయలకు మించదు, మీ మెట్లు అందులో చెప్పిన బహిరంగ ప్రదేశమా కాదా అన్నదే ముందుగా వివాదమవుతుంది.

చివరగా ఆ పదిహేడేళ్ల అబ్బాయి. మీ ప్రశ్నలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది అతని ప్రస్తావనే. పద్దెనిమిదేళ్లు నిండలేదు కాబట్టి అతని విషయం బాలల న్యాయ మండలి ముందుకు వెళ్తుంది. వాడకానికి పడే శిక్ష ఆరు నెలలకు మించదు కనుక అది చిన్న నేరాల తరగతిలోకే వస్తుంది, అలాంటి వాటిలో సాధారణంగా ఎఫ్ఐఆర్ కాకుండా జనరల్ డైరీలో (స్టేషన్ రోజువారీ రిజిస్టరులో) నమోదు చేస్తారు. అతనికి గంజాయి అందించిన పెద్దవాళ్లకు మాత్రం జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు కఠిన కారాగారమూ, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఈ తేడాను మీ సమాచారంలో స్పష్టంగా రాయండి, ఆ బాలుడిని నిందితుల జాబితాలో కలిపేయకండి. అంతకంటే ముందు అతని తల్లిదండ్రులతో మీరు స్వయంగా, ఎవరూ లేని సమయంలో మాట్లాడాలని నా సలహా. అలవాటు పడినవాళ్లు తమంతట తాముగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు సిద్ధపడితే, వాడకానికీ, కొద్ది మొత్తంలో సరుకుకూ సంబంధించిన కేసుల్లో విచారణ నుంచి మినహాయింపు పొందే వీలును ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఎ సెక్షన్ ఇస్తోంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ తీసివేయవచ్చు. వ్యసన విముక్తికి ఉన్న జాతీయ హెల్ప్‌లైన్ 14446 నంబరు ఆ తల్లిదండ్రుల చేతిలో పెట్టండి. వాళ్లు మిమ్మల్ని కోప్పడినా సరే, పోలీసులకు మీరిచ్చే సమాచారం కంటే ఆ సంభాషణే ముందు జరగాలి.