బస్రాకి ఓటు వచ్చింది, కరెంటు రాలేదు

ప్రశ్న: వేరే దేశాలకు ప్రజాస్వామ్యాన్ని పట్టుకెళ్లి ఇస్తే అక్కడి జనానికి నిజంగా స్వేచ్ఛ, సంతోషం దక్కుతాయా?

నాది శ్రీకాకుళం జిల్లా, కవిటి వైపు. మా ఉద్దానంలో ఏ వీధికెళ్లినా బయట దేశాల్లో వెల్డరుగానో, ఫిట్టరుగానో, రిగ్గరుగానో చేసొచ్చినవాళ్లు కనిపిస్తారు. నేను ఇరాక్‌లో, బస్రా దగ్గర చమురు పనుల్లో పైపు వెల్డింగు చేశాను. అమెరికా 2003లో సైన్యంతో వెళ్లి నియంత సద్దాం హుస్సేన్‌ని దించి, ఎన్నికలు పెట్టించిన దేశం అది. కాబట్టి మీ ప్రశ్నకి అక్కడి సంగతులతోనే జవాబు చెప్తాను.

ముందు స్వేచ్ఛ. అది అస్సలు రాలేదనే వాళ్లతో నేను ఏకీభవించను. మా ఫోర్‌మన్ బస్రావాడే, షియా. 1991లో దక్షిణ ఇరాక్ సద్దాం మీద తిరగబడినప్పుడు వాళ్ల అన్నని పట్టుకెళ్లారు. మనిషి మళ్లీ రాలేదు. ఏమయ్యాడని ఆఫీసుకెళ్లి అడగడానికి కూడా ఇంట్లోవాళ్లకి ధైర్యం చాల్లేదట. షియాల పుణ్యక్షేత్రం కర్బలాకి కాలినడకన వెళ్లే యాత్రని కూడా సద్దాం సాగనివ్వలేదు. ఇప్పుడు ఏటా అర్బయీన్‌కి, అంటే ఇమామ్ హుస్సేన్ సంతాపంలో నలభయ్యో రోజుకి, లక్షల మంది నడుస్తారు. బస్రా నుంచైతే దాదాపు 500 కిలోమీటర్లు. దారి పొడుగునా డేరాలు వేసి, వచ్చేపోయేవాళ్లందరికీ అన్నం, టీ ఉచితంగా పెడతారు. మా కంపెనీ బస్సుని కూడా ఆపేసేవాళ్లు. మీదే మతం అని అడగరు. చిన్న గాజు గ్లాసు చేతిలో పెడతారు, అడుగున మూడో వంతు పంచదారే. ఆ డేరాలో నిలబడి "సద్దాం ఉంటేనే బాగుండేది" అనడానికి నాకైతే నోరు రాదు.

సంతోషం దగ్గరికొస్తే కథ మారిపోతుంది. బస్రా ఎండాకాలం 50 డిగ్రీలు. ప్రభుత్వ కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలీదు. అందుకని వీధికో ప్రైవేటు జనరేటరు ఉంటుంది, దాని ఓనరుకి ఆంపియరుకి ఇంత అని నెలనెలా కట్టాలి. ఫోర్‌మన్ ఇంటికి ఒకసారి భోజనానికి పిలిచాడు. వీధి చివర స్తంభానికి వైర్లు తేనెపట్టులా వేలాడుతున్నాయి. తింటుండగా కరెంటు పోయింది. వాళ్ల చిన్నమ్మాయి ఎవరూ చెప్పకుండానే లేచి, గోడ మీద స్విచ్చి జనరేటరు వైపు తిప్పి, ఫ్రిజ్ ప్లగ్గు పీకి వచ్చి కూర్చుంది. జనరేటరు మీద ఫ్రిజ్ కూడా ఉంచితే ట్రిప్ అయిపోతుందట. అదే రాత్రి మేడ మీదకెళ్తే దూరంగా ఆకాశం ఎర్రగా ఉంది. చమురుతో పాటు వచ్చే గ్యాసుని ఊరికే తగలబెడుతున్న మంట అది. కరెంటు తయారుచేయడానికి పనికొచ్చే గ్యాసే!

2018 ఎండాకాలంలో నీళ్లు కూడా పాడయ్యాయి. లక్ష మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. కిడ్నీ జబ్బుల ఉద్దానంలో పుట్టినవాడికి నీళ్లంటే ఉండే భయం వేరేగా చెప్పక్కర్లేదు కదా.

ఎన్నికలు జరుగుతూనే ఉన్నా ఇదంతా ఎందుకంటే, అక్కడ ఎవరు గెలిచినా అందరూ కలిసి పంచుకుంటారు. ప్రధాని షియా, స్పీకరు సున్నీ, అధ్యక్షుడు కుర్దు అన్నది ఆనవాయితీ. మంత్రిత్వ శాఖలు పార్టీల వాటాలకి వెళ్తాయి, ఉద్యోగాలు ఆ పార్టీల మనుషులకి వెళ్తాయి. (కండువా చూసి పని చేసిపెట్టడం మనకీ కొత్తేం కాదనుకోండి.) ఆ 2018 జులైలోనే కుర్రాళ్లు చమురు క్షేత్రాల గేట్ల దగ్గర కూర్చున్నారు. "మా ఊళ్లో చమురు, ఉద్యోగాలు విదేశీయులకా?" అని. ఆ విదేశీయుల్లో నేనూ ఒకణ్ని. క్యాంపులో అందరికీ టెన్షన్. నాకు మాత్రం వాళ్ల మీద కోపం రాలేదు, ఎందుకంటే మాకు మా జిల్లాలోని సోంపేట గుర్తుంది.

అక్కడి బీల భూముల్లో, అంటే చిత్తడి నేలల్లో, థర్మల్ ప్లాంటు వద్దని రైతులు, మత్స్యకారులు పోరాడారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. దాన్ని ప్రజాస్వామ్యం గొప్పతనమని నేనెలా అంటాను? కానీ ఆ వెంటనే జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ప్లాంటుకిచ్చిన అనుమతిని కొట్టేసింది. ప్లాంటు రాలేదు. అంటే జనం చేతిలో ఓటు ఒక్కటే కాదు, సంఘం ఉంది, కేసు వేసే చోటుంది, వినే మనిషి ఒకడైనా ఉన్నాడు. ఇవి ఎవరో విమానంలో తెచ్చి దించినవి కావు.

ఇరాక్‌లో ఇలాంటివి నిలబడడానికి ఆధారం కాగలిగినదాన్ని కూడా తీసేశారు. 2003 మేలో అమెరికా తరఫున పాలించిన పాల్ బ్రెమర్ మొదటి ఉత్తర్వుతో సద్దాం పార్టీ అయిన బాత్ పార్టీ వాళ్లని ఉద్యోగాల్లోంచి తీసేశాడు, రెండో ఉత్తర్వుతో సైన్యాన్ని రద్దు చేశాడు. పార్టీలో చేరితే తప్ప ఎదుగుదల లేని రోజుల్లో చేరిన బడిపంతుళ్లు కూడా రోడ్డున పడ్డారు. జీతం పోయినా తుపాకీ పోని సైనికులు ఏం చేస్తారో 2006 నాటి అంతర్యుద్ధంలో అందరూ చూశారు.

"మరి జపాన్, జర్మనీ?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. జపాన్‌లో కూడా సైన్యాన్ని రద్దు చేశారు, నిజమే. కానీ ప్రభుత్వ యంత్రాంగాన్ని చాలావరకు ఉంచారు, ఆఖరికి చక్రవర్తిని కూడా ఉంచారు. పైగా అక్కడ 1890 నుంచే పార్లమెంటుంది. జర్మన్లు హిట్లర్‌కి ముందే ఓట్లు వేసినవాళ్లు. అలాగని సొంతంగా తెచ్చుకుంటే చాలు నిలుస్తుందనీ చెప్పలేం. 2011లో నియంతని తామే తరిమిన ట్యునీషియాలో పదేళ్లకే అధ్యక్షుడు పార్లమెంటుని పక్కన పెట్టేశాడు.

2005 జనవరిలో, సద్దాం పోయాక ఇరాక్‌లో జరిగిన మొదటి ఎన్నికలప్పుడు బాంబుల భయంలోనూ సుమారు 58 శాతం మంది ఓటేశారు. 2018కి అది 45 దగ్గరికి పడిపోయింది. 2019 అక్టోబరులో కుర్రాళ్లు వీధుల్లోకొచ్చారు. వందల మంది చనిపోయారు, ప్రధాని దిగిపోయాడు, 2021లో ముందస్తు ఎన్నికలు వచ్చాయి. మా ఫోర్‌మన్ కొడుకు 2019లో వీధిలో ఉన్నాడు గానీ, 2021లో ఓటు వేయలేదు. తండ్రి వేశాడు. వీడియో కాల్‌లో ఇద్దరూ గొడవపడి, "సదీక్ (అరబ్బీలో స్నేహితుడా అని), నువ్వు చెప్పు" అని నన్ను మధ్యలోకి లాగారు. నువ్వు మానేస్తే వాటాలు పంచుకునేవాళ్లకే లాభం కదరా అన్నాను. వాడు ఒప్పుకోలేదు. వేసినా వాళ్లే పంచుకుంటారన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు గానీ, ఇప్పటికీ నేను తండ్రి పక్షమే.