గిద్దలూరు చలికి ఏ రూమ్ హీటర్ తీసుకోవాలి?

గిద్దలూరు పక్క పల్లెలో 10 బై 12 స్లాబు గది, అందులో బాలింత, నెలల బిడ్డ, మంచానికి దోమతెర. 2000 వాట్ల బ్లోవర్ (ఫ్యాన్‌తో వేడిగాలి విసిరే హీటర్) కొనాలా, ఆయిల్ హీటర్ కొనాలా అని అడిగారు. ఆయిల్ హీటరే తీసుకోండి, అదీ తక్కువ వాట్ల మీద వాడండి.

ఉత్తరాది చలికి చదరపు అడుగుకు 10 వాట్ల లెక్క వేస్తారు. ఆ లెక్కన చూసినా మీ 120 చదరపు అడుగుల గదికి 1200 వాట్లు చాలు. నల్లమల అంచున ఉన్నారు కాబట్టి తెల్లవారుజామున నెల్లూరు, ఒంగోలు కంటే మీకు చలి ఎక్కువే. అయినా తలుపులు, కిటికీలు మూస్తే 800–1000 వాట్లకే గది వెచ్చబడుతుంది. 800, 1200, 2000 అని మూడు మెట్లు, వేడి చాలగానే తనంతట ఆపే థర్మోస్టాట్ ఉన్న 9 ఫిన్నుల (నిలువు పలకల) మోడల్ చూడండి. వేడెక్కడానికి అరగంట పడుతుంది. కానీ గాలి విసరదు, చప్పుడు ఉండదు, ఆపేశాక కూడా కాసేపు వెచ్చగానే ఉంటుంది. లోపలి నూనె ఎప్పుడూ మార్చే పని లేదు. కారుతోందంటే ఆ హీటర్ ఇక వాడకూడదు.

బ్లోవర్ ఐదు నిమిషాల్లో వెచ్చబరుస్తుంది, బిడ్డకు నీళ్లు పోసేటప్పుడు పనికొస్తుంది. రాత్రంతా వేస్తే మాత్రం దుమ్ము లేపుతుంది, గొంతు ఎండుతుంది. ఎర్రగా కాలే రాడ్ల హీటర్ తన ఎదురుగా ఉన్న మనిషికే వేడినిస్తుంది. రేకుల ఇళ్లకు అదే నయం, వేడిగాలి ఎలాగూ రేకుల కింది సందుల్లోంచి పోతుంది. మీది స్లాబు, పైగా నైలాన్ దోమతెర. రాడ్ల జోలికి పోకండి. తెర కొస ఎగిరి రాడ్డుకు తగిలితే కరిగి అంటుకుంటుంది. ఏ హీటరైనా మంచానికి మూడడుగుల దూరంలో పెట్టండి. వానాకాలం అలవాటు కొద్దీ బిడ్డ గుడ్డలు దాని మీద ఆరేయొద్దు.

ఇళ్లలో ఎక్కువగా జరిగే తప్పు హీటర్‌లో ఉండదు, ప్లగ్గు దగ్గర ఉంటుంది. 2000 వాట్లంటే 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు. అంత కరెంటును 6 ఆంపియర్ల చిన్న సాకెట్‌లోంచో, ఎక్స్‌టెన్షన్ బాక్సులోంచో, లావు ప్లగ్గు పట్టేలా కన్వర్టర్ పెట్టి గుంజుతారు. 16 ఆంపియర్ల సాకెట్, దానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, సరైన ఎర్తింగ్ ఉండాలి. మొదటిరోజు పావుగంట నడిపి, స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి పట్టుకు చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. వేలు ఆనించలేనంత కాలుతున్నా, సాకెట్ రంధ్రాల చుట్టూ గోధుమరంగు మచ్చ కనిపించినా లోపలి పట్టు వదులైనట్టే. ఆ వదులు దగ్గరే వేడి పుడుతుంది. కరెంటు పరిమితి దాటదు గనక ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే బోర్డు స్విచ్) పడదు, ప్లాస్టిక్ కరిగేదాకా ఎవరికీ తెలీదు. వెంటనే సాకెట్ మార్పించండి.

సాయంత్రం ఊళ్లో వోల్టేజి 180కి పడితే 2000 వాట్ల హీటర్ 1225 వాట్లే ఇస్తుంది. హీటర్ పాడైందని షాపుకు మోసుకెళ్లకండి. ఇన్వర్టర్ లైను మీద మాత్రం అసలు పెట్టొద్దు.

కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడండి. పడితే ఆగే స్విచ్ ఉందంటే షాపులోనే ఆన్ చేయించి, పక్కకు వంచించి చూడండి. టక్కున ఆగాలి.

పడుకోడానికి గంట ముందు 1200 మీద వేసి, గది వెచ్చబడ్డాక 800కి దించి, నిద్రకు ముందు ఆపేయండి. తెల్లవారుజామున మళ్లీ 800 మీద ఓ గంట. రోజుకు రెండు యూనిట్ల లోపే, నెలకు 60 అనుకోండి. యూనిట్లు పెరిగేకొద్దీ రేటు పెరిగే స్లాబుల కరెంటు బిల్లు కాబట్టి ఈ అదనపు యూనిట్లకు మీ పై స్లాబు ధరే పడుతుంది, అది లెక్కలో పెట్టుకోండి. గది మూసినా, గాలి ఆడడానికి ఒక కిటికీ మాత్రం ఓ రెండు వేళ్ల సందు తెరిచి ఉంచండి. బిడ్డ మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి, చెమట తగిలితే హీటర్ ఆపి ఒక దుప్పటి తీయండి.

ఒకవేళ ఇప్పుడు బాలింత గదిలో నిప్పుల కుంపటి పెడుతుంటే, హీటర్ వచ్చేదాకా ఆగకుండా ఈ రాత్రే బయట పెట్టేయండి. మూసిన గదిలో బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాళ్లు లేవలేరు.