వేడి పెనం తగిలితే చెయ్యి ముందే వెనక్కి వస్తుంది, మంట తర్వాత తెలుస్తుంది. ఎందుకు?

అడిగినది: "చెయ్యి లాగేది మెదడు కాదు, వెన్నుపాము అంటారు. మరి నొప్పి మెదడుకి ఎలా చేరుతుంది? అదీ రెండు విడతలుగా వచ్చినట్టు ఎందుకుంటుంది?"

చెయ్యి లాగడం, నొప్పి తెలియడం రెండూ వేలికొన దగ్గర ఒకేచోట మొదలై వెన్నుపాములో విడిపోతాయి. అక్కడిదాకా దారి ఒకటే.

చర్మంలోని నాడి చివర్ల మీద టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ తలుపు ఉంటుంది. వేడి సుమారు 43 డిగ్రీలు దాటితే అది తెరుచుకుంటుంది, అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) లోపలికి వచ్చి సంకేతం పుడుతుంది. మిరపకాయకు ఘాటునిచ్చే క్యాప్సైసిన్ తెరిచేదీ ఇదే తలుపు. మిరపకాయలు తరిగిన చేతికి నిప్పు తగలకపోయినా కాలినట్టే ఉండేది అందుకే. దీన్ని 1997లో గుర్తించిన బృందానికి పెద్ద డేవిడ్ జూలియస్, ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది.

సంకేతం జ్ఞాన నాడీకణం (చర్మం నుంచి కబురు తెచ్చే నాడీకణం) మీదుగా వెన్నుపాము వెనకవైపు నుంచి, అంటే పృష్ఠమూలం గుండా, లోపలికి వెళ్తుంది. అక్కడ మధ్యస్థ నాడీకణాలు, అంటే రెండు నాడీకణాల మధ్య కబురు అందించేవి, దాన్ని అందుకుంటాయి. ముందువైపు ఉదరమూలం నుంచి చాలక నాడీకణం (కండరాన్ని కదిలించేది) బయలుదేరి చేతి ముందువైపు కండరమైన బైసెప్స్‌ని బిగిస్తుంది, మోచెయ్యి ముడుచుకుంటుంది. అదే క్షణంలో మరో మధ్యస్థ నాడీకణం మోచేతిని చాచే ట్రైసెప్స్ కండరానికి వెళ్లే చాలక నాడీకణాన్ని అణచిపెట్టాలి. పరీక్ష జవాబుల్లో ఎక్కువమంది వదిలేసేది ఈ సగాన్నే. రెండు కండరాలూ కలిసి బిగిస్తే చెయ్యి కర్రలా బిగుసుకుపోతుందే తప్ప వెనక్కి రాదు.

ఇక నొప్పి సంగతి. ఇదే సంకేతం నుంచి ఒక పాయ వెన్నుపాములో అవతలి పక్కకు దాటి, మెదడు నడిమిలోని థాలమస్ అనే మజిలీ మీదుగా మెదడు పైపొరకు ఎక్కుతుంది. దూరం ఎక్కువ, మధ్యలో మజిలీలు ఎక్కువ. అది చేరేలోపే చెయ్యి కదలడం మొదలైపోతుంది.

రెండు విడతలకు కారణం నొప్పిని మోసే నాడీ తంతువులు రెండు రకాలు కావడం, వాటి మందం, తొడుగు వేరు కావడం. ఎ-డెల్టా తంతువులకు మయలిన్ అనే కొవ్వు పదార్థంతో పల్చటి తొడుగు ఉంటుంది, వేగం సెకనుకు 5 నుంచి 30 మీటర్లు. సి తంతువులకు ఆ తొడుగే లేదు, వేగం సెకనుకు 0.5 నుంచి 2 మీటర్లు. వేలికొన నుంచి వెన్నుపాముకు 80 సెంటీమీటర్లనుకుంటే, 15 మీటర్ల వేగంతో మొదటిది 0.05 సెకన్లలో చేరుతుంది. ఒక మీటరు వేగంతో రెండోదానికి 0.8 సెకన్లు పడుతుంది. చురుక్కుమన్నది మొదటిది, ఆ తర్వాత నిలిచి మండేది రెండోది. ఈ తేడా గడపకు కాలివేలు కొట్టుకున్నప్పుడు ఇంకా స్పష్టం, ఎందుకంటే దూరం మీటరు పైనే. "అబ్బా" అన్నాక అసలు బాధ మొదలవుతుంది.

ఇలా అప్రయత్నంగా చెయ్యి లాగడాన్ని ప్రతీకార చర్య (రిఫ్లెక్స్) అంటారు. "ప్రతీకార చర్యలో మెదడుకు పాత్రే లేదు" అని మాత్రం పరీక్షలో రాయకండి. కాఫీ నిండుగా ఉన్న స్టీలు గ్లాసు చెయ్యి కాలుస్తున్నా కింద పెట్టేదాకా పట్టుకుంటాం కదా. మెదడు నుంచి దిగే నాడులు వెన్నుపామును ఆపిపెడతాయి కాబట్టే అది సాధ్యం. మోకాలి చిప్ప కింద తడితే కాలు ఎగిరే మోకాలి కుదుపును కూడా ఈ చెయ్యి లాగే రకం ప్రతీకార చర్యకు ఉదాహరణగా ఇవ్వకండి. అది కండరం సాగినందుకు వచ్చేది, అందులో జ్ఞాన నాడీకణం చాలక నాడీకణాన్ని నేరుగా తాకుతుంది.

మెదడు దాకా వెళ్లొచ్చే దారికి ఎంతసేపు పడుతుందో ఇంట్లోనే కొలవొచ్చు. 30 సెంటీమీటర్ల స్కేలును ఒకరు పైన పట్టుకోవాలి. సున్నా గీత రెండోవారి బొటనవేలు, చూపుడువేలు మధ్య ఉండాలి, వేళ్లు తగలకూడదు. చెప్పకుండా వదలాలి, రెండోవారు చూసి వెంటనే పట్టుకోవాలి. 15 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే సుమారు 0.17 సెకన్లు, 20 అయితే 0.20, 25 అయితే 0.23. పదిసార్లు చేసి మొదటి రెండూ తీసేసి సగటు చూడండి. "వన్, టూ, త్రీ" అని లెక్కపెట్టి వదిలితే లయ పట్టేస్తారు, ఫలితం పాడవుతుంది. 5 సెంటీమీటర్ల దగ్గరే ఆగిందంటే అది 0.10 సెకన్లు, ముందే ఊహించి మూసిన చెయ్యి. ఆ కొలత కొట్టేయండి.